పూడ్చిన గని కింద ఊట

మొన్న సోమవారం పొద్దున్నే అప్ప కూతురు ఫోన్ చేసింది. "సార్, మాయమ్మ పోనాది. మూడ్రోజులు జొరం. ఆస్పత్రికి తెచ్చీసరికే అయిపోనాది" అంది. నేను అరకు బస్టాండులో ఉన్నాను. "అక్కడ వాన పడుతోందా?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. ఆమె మాత్రం మామూలుగానే, "ఒగ్గకుండా పడతంది సార్" అంది.

అప్ప నాకు చుట్టం కాదు. అరకు దగ్గర కొండమీద సున్నపురాయి గని ఒకటి మూతపడితే, ఆ గోతిని మట్టితో పూడ్చి, పైన సిల్వర్ ఓక్ మొక్కలు నాటారు. ఆ వాలు అడుగున నీరు ఊరుతోందని తెలిసి, ఎందుకో చూడమని, వాలు జారకుండా చూసే ఇంజనీరుగా మా ఆఫీసు నన్ను పంపింది. వాలుకి ఆనుకునే ఆమె వరి మడులు. రోజూ ఆ నీటిని కొలిచే పనికి ఆమెనే పెట్టుకున్నాం. ఊళ్ళో అందరూ అక్క అన్న అర్థంలో అప్ప అనేవారు, నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజే చెప్పింది. "ఇక్కడ ఊటుండీది బాబూ. నా సిన్నప్పుడు ఇక్కడే నీళ్ళు ముంచుకునీవోళ్ళం. గని తవ్వినారు, కప్పెట్టీసినారు. అది సచ్చిపోనేదు." నేను మ్యాపు విప్పి చూశాను. అందులో ఊట లేదు. గని తవ్విన తర్వాత గీసిన మ్యాపు అది. వాన నీరే ఇంకి దిగుతోందనుకుని, పైన కాలువ తవ్వించాను. కింద చెమ్మ తేలినచోట బంకమట్టి కొట్టించి రాతికట్టు కట్టించాను.

ఆ వానాకాలం కట్టు వెనక నీరు చేరి వాలు ఉబ్బింది. ఒక మధ్యాహ్నం జారి ఆమె పై మడిమీద పడింది. అప్పటికి నాట్లు వేసి వారం కాలేదు. నేను వెళ్ళేసరికి మోకాళ్ళదాకా ఎర్రమట్టితో గట్టుమీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. "తిన్నావా?" అంది. లేదన్నాను. "నానూ తిన్నేదు" అని మడికేసి చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే ఆమె మాట వినడం మొదలుపెట్టాను. నీరు వచ్చేచోట బకెట్టు పెట్టి, నిండేదాకా అంకెలు లెక్కపెట్టేది. వాచీ ఇస్తే పట్టుకెళ్ళి ఇంట్లో మేకుకి తగిలించింది. వానలు వెళ్ళిపోయాయి, చలి పోయింది, ఎండలు ముదిరాయి. ఊళ్ళో బోరింగు ఎండింది గాని మా బకెట్టు ఇంచుమించు వానాకాలంలో పట్టినంతసేపట్లోనే నిండేది. వాన నీరైతే తగ్గాలి. ఇది ఊటే. ఆమె మొదటిరోజు చెప్పిన ముక్క నేను రిపోర్టులో రాయడానికి ఏడాది పట్టింది.

ఊటని ఆపలేం, దారి ఇవ్వాలి. వాలులోకి కందకం తవ్వి, చిల్లుల గొట్టం వేసి, చుట్టూ కంకర నింపాలి. ఆ గొట్టం ఆమె పై మడి మధ్యనుంచే పోయి, పక్కనున్న వాగులో, వాళ్ళ మాటలో గెడ్డలో, కలవాలి. అడగలేక వారం రోజులు ఊరికే తిరిగాను. చివరికి ఆమే అంది.

"నా మడి కావాలేటి?"

"అవునప్పా."

"తీస్కో. నీళ్ళు మాత్రం గెడ్డలోకి ఒగ్గీకు. కింద మడులోళ్ళకి రానీ."

"మరి నీకు?"

"సగం మిగుల్తాది గదా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ బయటికి రాలేదు.

గొట్టం వేయడంతో పని తీరలేదు. వేళ్ళు దూరేవి, ఆకులు అడ్డుపడేవి. వారానికోసారి మూతి దగ్గర పూడిక తీయాలి. ఆఫీసు మర్చిపోయింది. ఆమె మాత్రం ఏళ్ళ తరబడి తీస్తూనే ఉంది. "నీళ్ళొత్తే పర్నేదు బాబూ, నీళ్ళతో మన్నొత్తేనే బెంగ" అనేది. మన్ను కొట్టుకొస్తోందంటే వాలు లోపల డొల్ల అవుతున్నట్టే. నా ఉద్యోగం గురించి అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. విసుగు రాదా అని ఒకసారి అడిగాను. "రాదేటి? సిరాకే. ఐతే ఏటి సేత్తాం!" అని నడుం పట్టుకుని నవ్వింది.

ఫోన్ వచ్చిన మర్నాడు వెళ్ళాను. అప్పటికే ఆమెను మట్టి చేసేశారు. కూతురు టీ ఇచ్చింది, తాగి ఒక్కణ్ణే వాలు దగ్గరికి నడిచాను. నాలుగైదు రోజులుగా ఎవరూ చూడలేదు. మూతికి ఆకులు అడ్డుపడి, నీరు గొట్టం పక్కనుంచి మట్టిని కోసుకుంటూ ఎర్రగా పారుతోంది. ఎవరినైనా పిలవాలనుకున్నాను, ఫోను తీసే ఓపిక కూడా లేకపోయింది. చెప్పులు విడిచి దిగి చేతులతోనే తోడాను. గంట పట్టింది. నడుం ఎత్తి చూసేసరికి దిగువ మడుల్లో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. వాళ్ళ కాళ్ళ చుట్టూ నీరు మెల్లగా తేటపడుతోంది.