మా టీచరమ్మ ఎక్కించిన మెట్లు

ఈ ఉదయం సింగపూర్ బెడోక్‌లో మా బ్లాకు లిఫ్టు మరమ్మతుకొచ్చింది. "అమ్మా, వై సో స్లో లా!" అంటూ మా అమ్మాయి చకచకా ఎక్కేసి, మా అంతస్తు చేరేసరికి రొప్పుతూ కూలబడింది. నేను పక్కింటావిడతో కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా ఎక్కాను. ఆ నడక నేర్పిన టీచరమ్మ గుర్తొచ్చి మనసు నిండిపోయింది.

ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి. మావారి వెంట నేనూ ఇక్కడికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగు వచ్చు గానీ, ఇంగ్లీషులో చెప్పాలంటేనే కంగారు. ఇంటర్వ్యూలో ఏదడిగినా, తప్పు దొరికేలోపే ముగించేయాలన్నట్టు గడగడా అప్పజెప్పేసేదాన్ని. రెండు కంపెనీలు మర్యాదగా సాగనంపాయి. ఇంతలో మావారి కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. చాంగీ బిజినెస్ పార్కులో నా మూడో ఇంటర్వ్యూ కూడా తన్నేస్తే ఇక సామాను సర్దుకోవడమే.

అప్పుడు దొరికారు టీచరమ్మ. అమెరికా ఆవిడ, అరవై దాటాయి. మంచుకొండలెన్నో ఎక్కి, ఆ చలికి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, మా పక్క బ్లాకులో ఉంటూ ఇంగ్లీషు చెప్పేవారు. సింగపూర్‌లో కొండలెక్కడివి? పాపం, మెట్లతోనే సరిపెట్టుకునేవారు. నేను బియ్యం బస్తాతో కనబడితే చాలు, లాక్కుని వీపున వేసుకునేవారు. గురువు చేత బస్తా మోయించడమా! సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

క్లాసూ మెట్ల మీదే. ఎక్కుతూ నా పని గురించి ఇంగ్లీషులో చెప్పాలి. "ఇంగ్లీషు చెప్పమంటే కొండలెక్కిస్తోందేంటే ఆవిడ!" అని మావారి వెక్కిరింపు. మొదట్లో మాటకంటే ముందు ఊపిరి అయిపోయేది. "మాట్లాడగలిగినంత మెల్లగానే ఎక్కు. కొండ మీద మా పద్ధతి అదే. మాట తెగిందంటే తొందరపడ్డావన్నమాట. ఆగు, ఊపిరి తీసుకో. నేనెక్కడికీ పోను" అని ఆవిడ తన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పి, నిజంగానే నిలబడేవారు. అంత ఓపికగా నా మాట కోసం ఆగిన మనిషిని అంతకుముందు నేనెరగను.

ఆ ఉద్యోగం వచ్చింది. మేం ఇక్కడే నిలదొక్కుకున్నాం. మైసూర్‌పాకు పట్టుకెళ్తే ఆవిడ చిన్నపిల్లలా గెంతారు. తర్వాత కొన్నాళ్ళకు తన దేశం వెళ్ళిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ రోజు చాంగీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే మళ్ళీ గడగడా అప్పజెప్పేయబోయాను. నోటిదాకా వచ్చిన పరుగును ఆపి, ఊపిరి తీసుకున్నాను. ఎదురుగా ప్రశ్నలడిగే ముగ్గురూ కదలకుండా చూస్తున్నారు. అంతదాకా కాలం నన్ను వెనక నుంచి తరుముతోందనే అనుకున్నాను. ఆ గదిలో అది ఎదురుగా కూర్చుని, నా మాట కోసం ఆగింది.