నర్సమ్మగారి కల్లుపాక

పోయిన వారం బెంజ్ సర్కిల్ దగ్గర నేనెక్కిన ఆటో పావుగంట సేపు కదలలేదు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తున్నాను. చేసేది లేక ఎదురుగా ఉన్న బోర్డులు చదవడం మొదలుపెట్టాను. నగల దుకాణం, కోచింగ్ సెంటరు, మళ్ళీ నగల దుకాణం, వాటి మధ్య కొత్తగా తెరిచిన మేడ మీద నీలం లైట్లతో ‘ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్’. నాకు నవ్వొచ్చింది. కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి, “ఏంటమ్మగారూ నవ్వుతున్నారు?” అని అడిగాడు. “ఇలాంటిది మా అత్తగారు యాభై ఏళ్ళ కిందటే నడిపారు బాబూ” అన్నాను. అతను ఇంకోసారి అద్దంలోకి చూసి, ఇంటికి చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. పెద్దావిడకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో.

కాని నిజంగానే నడిపారు. నేను కాపురానికి వచ్చేటప్పటికి, అంటే డెబ్భైల మొదట్లో, భవానీపురం ఊరికి పడమటి అంచు. మా ఇంటి వెనక ఎవరిదో ఖాళీ స్థలంలో పదిహేనో ఇరవయ్యో తాటిచెట్లు, వాటి వెనక ఇసుక, ఆ వెనక కృష్ణ. వీధి మొత్తానికి పది పన్నెండు ఇళ్ళు. మా అత్తగారు మిషను ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆవిడని వదిలింది గాని ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. పొద్దున్నే లేచి గది గదికీ వెళ్ళి, ఎవరు లేచారు, ఎవరు లేవలేదు, ఎవరి మొహం పాలిపోయింది చూసుకుని వచ్చేవారు. పరుపు మీద దుప్పటి మూలలు ఆసుపత్రి పద్ధతిలో మడవడం నాకు రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆవిడ నన్నేమీ అనలేదు, నేను పరిచిన దుప్పటి తీసి మళ్ళీ పరిచేవారు, అంతే. మామగారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి ఆవిడ కంటే ముందే రిటైరయ్యారు. మావారిది పై ఊళ్ళో ఉద్యోగం, నెలకోసారి వచ్చేవారు, కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. అత్తగారూ మామగారూ ఇద్దరూ నెమ్మదస్తులే. కాకపోతే ఆవిడ డ్యూటీలతో, ఆయన ట్యూషన్లతో ముప్ఫయ్యేళ్ళు గడిచిపోయాక, ఇద్దరికీ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే అలవాటు లేకుండా పోయింది. “అమ్మాయ్, మీ మామగారు మందు వేసుకున్నారేమో అడుగు” అని ఆవిడ అంటే, రెండడుగుల దూరంలో ఉన్న ఆయన, “వేసుకున్నానని చెప్పమ్మా” అనేవారు. కొత్త కోడలిగా నాకు దక్కిన మొదటి ఉద్యోగం అదే.

సాయంత్రం నాలుగున్నరకి మామగారు గొడుగు పట్టుకుని గ్రంథాలయానికి బయలుదేరేవారు. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. శుక్రవారాలు కూడా వెళ్ళేవారు. వచ్చేటప్పుడు లవంగం వాసన వచ్చేది. అది చదువుకున్న వాళ్ళ వాసన కాబోలనుకున్నాను కొన్నాళ్ళు. వీధిలో మగవాళ్ళు చాలామంది అదే వేళకి అదే దిక్కుగా వెళ్ళేవారు. లారీల రోడ్డు దాటి అవతల ఒక కల్లు దుకాణం ఉందనీ, అందరి గ్రంథాలయమూ అదేననీ మా పక్కింటి పిన్నిగారు చెప్పాక తెలిసింది. పిన్నిగారంటే బంధుత్వం కాదు, పక్కిల్లు కాబట్టి పిన్నిగారు. వాళ్ళది నేతపని చేసిన కుటుంబం. బాబాయిగారు మగ్గం వదిలి గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్లో చీరలు అమ్మేవారు. మాటకారి. చీర మడత విప్పుతుంటే కొనేవాళ్ళు కూర్చుండిపోయేవారట.

ఆ బాబాయిగారే ఒకనాడు సందెవేళ లారీల రోడ్డు పక్క గోతిలో పడ్డారు. నలుగురు మోసుకొచ్చారు. అత్తగారు వెళ్ళి జబ్బ ఎముక విరిగిందని చూసి, తన పాత చీర చింపి కట్టు కట్టి, తర్వాత కనురెప్పలు ఎత్తి చూశారు. అప్పుడు ఆవిడ మొహం మారింది. “ఇది కల్లు మత్తు కాదు. ఇందులో ఏదో బిళ్ళ కలిపారు” అన్నారు. రిక్షా మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నానికి గాని ఆయన కళ్ళు తెరవలేదు. అందాకా పిన్నిగారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. అత్తగారు ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మామగారి ఎదురుగా నిలబడ్డారు. నా ద్వారా కాకుండా ఆవిడ ఆయనతో తిన్నగా మాట్లాడగా నేను విన్నది అదే మొదలు.

“మీరూ అక్కడికేగా వెళ్ళేది?” అన్నారు.

మామగారు గొడుగు వైపు చూశారు. అబద్ధం చెప్పడానికి దానికి ఓపిక ఉందేమోనని చూసినట్టు చూశారు. “అప్పుడప్పుడు” అన్నారు.

“మానేస్తారా?”

ఆయన నిజాయితీగా, “మానతాననుకోను” అన్నారు.

వేరొకరైతే ఏడుపులూ పెడబొబ్బలూ అయ్యేవి. మా అత్తగారు వాటివల్ల జ్వరం తగ్గగా ఎప్పుడూ చూడలేదట. వారం తిరక్కుండా, మా వెనక స్థలంలో చెట్లు గీసే పెద్దాయనని పిలిపించారు. ఆయనకి చెట్లు గీసుకోవడానికి, చెట్టు దగ్గరే అమ్ముకోవడానికి సర్కారు కాగితం ఉంది. ఆ కల్లంతా కుండలకెత్తి దుకాణానికి పోయడమే గాని ఇక్కడ ఎవరూ తాగేవారు కాదు. వీధిలో భార్యలు చూస్తారని. “ఇకనుంచి ఇక్కడే పొయ్యి. నీళ్ళు కూడా కలపకు. పాక నేను వేయిస్తాను” అన్నారు అత్తగారు. పెద్దాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, “తమరు కల్లు పోయిస్తారాండీ?” అన్నాడు. “పోయించను. దగ్గరుండి చూస్తాను” అన్నారు ఆవిడ.

పాక రెండు రోజుల్లో లేచింది. వీధిలో మగవాళ్ళు అంత చురుగ్గా పనిచేయడం అంతకుముందు గాని తర్వాత గాని నేను చూడలేదు. నాలుగు రాటలు, తాటాకు కప్పు, కింద నది ఇసుక, కూర్చోవడానికి రెండు బల్లలు, మిగిలినవాళ్ళకి చాపలు. నిబంధనల బోర్డు రాయడం మామగారి వంతు. ఆయన గ్రాంథికం తప్ప రాయరు. ‘సూర్యాస్తమయానంతరము పానము నిషిద్ధము. మూడు గ్లాసులకు మించి ఇవ్వబడదు. తూలువారికి మజ్జిగ ఇవ్వబడును.’ ఆదివారం సెలవు. ఇక బోర్డు మీద లేని నిబంధనలు అత్తగారివి: గ్లాసులు మరిగే నీళ్ళలో పదినిమిషాలు ఉడకాలి, కడుపులో ఏదో ఒకటి పడకుండా గ్లాసు ముట్టుకోకూడదు, మూడో గ్లాసుకి ముందు నాడి చూపించుకోవాలి. ఆవిడ కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూస్తూ ఒక్కొక్కరి మణికట్టు పట్టుకునేవారు. “తొంభై దాటింది, నీకు మజ్జిగ” అంటే ఎదురు చెప్పేవాళ్ళు లేరు. బాబాయిగారు జబ్బ కట్టుతోనే వచ్చి, రెండో చెయ్యి చాపి, “నర్సమ్మగారూ, మీరు పట్టుకుంటే భయానికి కొట్టుకుంటోందండీ అది. కల్లుకి కాదు” అని వాదించి చూశారు. ఆయన మాటలకి చీరలు అమ్ముడుపోతాయేమో గాని మూడో గ్లాసు రాలేదు.

గుగ్గిళ్ళు నా వంతు. శనగలు నానబెట్టి ఉడికించి, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టేదాన్ని. రెండ్రోజులకోసారి ఎండురొయ్యలు వేయించేదాన్ని. పులిసిన కల్లు వాసన, రొయ్యల వాసన, నది మీంచి వచ్చే తడిగాలి కలిసి ఒక వాసన అయ్యేది. దానికి పేరు లేదు. మాది గుడివాడ దగ్గర పల్లె. మా నాన్న చర్చిలో పెద్ద. నేను ఉత్తరంలో “అత్తగారు సాయంత్రాలు వీధిలోవాళ్ళ ఆరోగ్యం చూస్తారు, నేను సాయం చేస్తాను” అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది చదివి పొంగిపోయి నాన్న చెప్పకుండా బయలుదేరి వచ్చారు. పాకలోకి రాగానే అత్తగారు ఆయన చేతికి గుగ్గిళ్ళ పొట్లమిచ్చి, ఆయన ఇంకా నమస్కారం పూర్తిచేయకముందే నాడి చూసి, “డెబ్భై రెండు. మంచి ఆరోగ్యం అన్నయ్యగారూ” అన్నారు. నాన్న ఆ సాయంత్రం రెండు గ్లాసులు తాగారు. బస్సెక్కుతూ, “మీ అమ్మకి చెప్పకమ్మా. మంచి సంబంధమే చేశాను” అన్నారు.

పాస్టరుగారు రావడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలైన అత్తగారే కల్లుపాక పెట్టారని చర్చి అంతా గుప్పుమంది. పైగా ఈస్టరు ముందు ఉపవాస దినాలు. ఆయన ఒక సాయంత్రం సైకిల్ దిగగానే బల్లల మీద ఉన్నవాళ్ళు గ్లాసులు వీపుల వెనక్కి పెట్టేసి, ఏం చేయాలో తెలియక కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనా కూటమేమోనని ఆయన కూడా ఒక నిమిషం తికమకపడ్డారు. తర్వాత, “అమ్మగారూ, మిమ్మల్ని సమాజంలోంచి తొలగించమని ఒత్తిడి చేస్తున్నారండీ. నాకు మనసొప్పడం లేదు, కాని ఏం చెప్పను వాళ్ళకి?” అన్నారు. ఆ సమాజం అత్తగారికి ప్రాణం. ఆవిడ తల వంచుకుని కాసేపు గ్లాసు తుడిచారు.

“అయ్యగారూ, వీళ్ళకోసం మీరెన్నేళ్ళు ప్రార్థన చేశారు?”

“చాలా ఏళ్ళనుంచీ.”

“నేనూ చేశానండీ. ఇప్పుడు రెండు నెలల్లో ఒక్కడు గోతిలో పడలేదు. తొలగిస్తే తొలగించండి. ఈ మాట మాత్రం సమాజంలో చెప్పి తొలగించండి.”

పాస్టరుగారు చాప మీద కూర్చున్నారు. పెద్దాయన ఒక మూల విడిగా దాచిన తియ్యటి కల్లు, ఇంకా పులవనిది, గ్లాసులో పోసి తెచ్చాడు. “ఇది మందేనంటారా?” అని ఆయన అత్తగారిని అడిగారు. “నర్సు ఇస్తే మందేనండీ” అన్నారు ఆవిడ. ఆయన తాగారు. సమాజంలో ఏం చెప్పారో మాకు తెలియదు గాని అత్తగారి పదవి నిలబడింది.

పాకని చెరిపింది చర్చి కాదు, మర్యాద. మొదట పిన్నిగారు బాబాయిగారిని పిలుచుకెళ్ళడానికి వచ్చి గట్టు మీద నిలబడ్డారు. “నిలబడతావేంటమ్మా, కూర్చో” అన్నారు అత్తగారు. మర్నాడు ఆవిడ చింతపండు తెచ్చుకుని కూర్చుని గింజలు తీశారు. ఆ మర్నాడు ఇంకో ఇద్దరు చిక్కుడుకాయలు తెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే. నది గాలి మాకు మాత్రం చేదా. మాటలు మొదలయ్యాయి. కిరసనాయిలు ఎప్పుడిస్తారు, గోడకి సున్నం ఎప్పుడు వేయిస్తారు, మీ తమ్ముడు ఉత్తరం రాశాడా. మగవాళ్ళు గ్లాసు పట్టుకుని వీటన్నిటికీ జవాబులు చెప్పాల్సి వచ్చేది. అంతకంటే కష్టం, భార్యల మీద చెప్పుకునే కబుర్లకి చోటే లేకుండా పోయింది. బాబాయిగారు నా దగ్గరికి గుగ్గిళ్ళకి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, “కల్లు తాగుదామని వస్తే కాపురం చేసినట్టుందమ్మా” అన్నారు. ఒకాయనకి కడుపునొప్పి వచ్చింది. ఇంకొకాయన భజనలో చేరారు. ఇద్దరు మళ్ళీ లారీల రోడ్డు దాటుతున్నారని తెలిసిన రోజు అత్తగారు అన్నం సరిగ్గా తినలేదు. బాబాయిగారు మాత్రం రోడ్డు దాటలేదు. “మా ఆవిడ ఎదురుగా తాగి తాగి దాని రుచే పోయింది” అని మొత్తానికి మానేశారు. చివరికి పాకలో పదిమంది ఆడవాళ్ళూ, తాగేవాళ్ళలో మామగారొక్కరూ మిగిలారు.

మామగారు మానలేదు గాని, మొదట్లో అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది ఆయనే. బోర్డులో దిద్దాల్సింది ఉందన్నట్టు వచ్చి, గ్లాసు తీసుకుని, బోర్డు వైపు తిరిగి తాగేవారు. తర్వాత బల్ల చివరకి చేరారు. ఆ తర్వాత అత్తగారి కుర్చీ పక్కకి. ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు, నాతో చెప్పించుకోవడం మానేశారు ఇద్దరూ.

తొలకరి పడ్డాక చెట్లు కల్లు ఇవ్వడం తగ్గించాయి. అదే సమయంలో స్థలం సొంతదారు ఇల్లు కట్టుకుంటానని కబురు చేశాడు. చెట్లు కొట్టేముందు రోజు పెద్దాయన ఆఖరి కుండ దించి తెచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది, మేం నలుగురమే ఉన్నాం. అత్తగారు మామగారి గ్లాసు వైపు చూసి, “నాకూ ఒకటి పొయ్యి” అన్నారు. పెద్దాయన గ్లాసు రెండుసార్లు కడిగి పోశాడు. ఆవిడ ఒక గుక్క తాగి, మొహం ముడుచుకుని, గ్లాసు కింద పెట్టారు.

“ఇంత పుల్లటిదాని కోసమా నాకు ముప్ఫయ్యేళ్ళు అబద్ధాలు చెప్పింది?”

మామగారు తాటాకు చూరునుంచి జారే చుక్కల్ని చూస్తూ కూర్చున్నారు. “దీనికోసం కాదోయ్” అన్నారు చివరికి. “నువ్వు డ్యూటీనుంచి వచ్చేదాకా ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఉండటం ఎలాగో నాకు చాతకాలేదు.”

ఆవిడ కింద పెట్టిన గ్లాసు తీసి, మిగిలింది కూడా తాగేశారు. నేను పొయ్యి ఆర్పే పని ఉన్నట్టు ఇంట్లోకి వచ్చేశాను.

చెట్లు పోయాక ఆ స్థలంలో రెండంతస్తుల ఇల్లు లేచింది, మాకు నది కనిపించడం మానేసింది. మామగారు లారీల రోడ్డు వైపు మళ్ళీ వెళ్ళలేదు. నాలుగున్నరకి ఇద్దరూ వరండాలో కుర్చీలు వేసుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఎక్కువగా ఆసుపత్రి సంగతులు ఆవిడ చెప్పడం, బడి సంగతులు ఆయన చెప్పడం వినిపించేది, ముప్ఫయ్యేళ్ళ బాకీ మాటలన్నీ వరసగా తీర్చుకుంటున్నట్టు. మామగారు ఆ తర్వాత నాలుగేళ్ళున్నారు. అంత కాపురంలో వాళ్ళు నిజంగా కలిసి కూర్చున్నది పాకలో ఆ నాలుగైదు నెలలు, వరండాలో ఆ నాలుగేళ్ళు. బయటినుంచి చూసేవాళ్ళకి అది తక్కువే అనిపిస్తుంది, చాలలేదని మాత్రం ఆ ఇద్దరిలో ఎవరూ అనగా నేను వినలేదు.