పూల్‌లో పోసిన గోదావరి

టేకులపల్లి దగ్గర ఒక రైతు తన తోటలో పిల్లల కోసం స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాడు. దాన్ని శుభ్రం చేసే పని నాది. వారానికోసారి ఖమ్మం నుంచి బండి మీద వెళ్లి, ఆకులు తీసి, ఫిల్టర్ కడిగి, క్లోరిన్ కలిపి వచ్చేవాణ్ణి.

ఒకసారి వెళ్లేసరికి ఆ రైతు తల్లి పూల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పర్ణశాల వెళ్లి, బిందెడు గోదావరి నీళ్లు తెచ్చి అందులో పోసిందట.

"చెప్పులు ఇడిసి రా బిడ్డా. ఇయ్యాల్టి సంది ఇది గోదారి. అండ్ల మందు గిందు పొయ్యకు," అంది.

ఏం చేయమంటారన్నట్టు కొడుకు వైపు చూశాను. ఆయన అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మరుసటి వారానికి నీళ్లు గోంగూర పప్పులా తయారయ్యాయి. కప్పలు కాపురం పెట్టాయి. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "గిట్లెందుకైంది?" అని నన్నే అడిగింది.

"గోదారి పారుతది పెద్దమ్మా, ఇది పారదు గదా. మన నల్లాలకొచ్చే గోదారి నీళ్లల్ల గూడ గీ మందే కలుపుతరు."

ఆమె ముక్కు మీది కొంగు దించింది. "అయితే కలుపు. గని తానం చేసి కలుపు."

బోరు కింద స్నానం చేసి, తడి లుంగీతోనే క్లోరిన్ పోశాను. పోస్తున్నంతసేపూ ఆమె దండం పెట్టుకునే ఉంది.

మళ్లీ నేను వెళ్లేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందరికంటే ముందు ఆమే చీరతో దిగి, మూడు మునకలు వేసి, మెట్టు మీద మెడదాకా నీళ్లలో కూర్చుంది. ఒడ్డున మనవళ్లు ఎంత బతిమాలినా కదల్లేదు.

"జరసేపు ఆగుండ్రిరా. పానం లేసొచ్చింది!"