మా చర్చి చరిత్ర రాసిన మనిషి

మా ఊరి మెథడిస్టు చర్చి చరిత్ర రాసేది నేనే అనుకున్నాను. సంఘంలో అందరూ అట్లాగే అనుకున్నారు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. చర్చి గంట కోసం మా నాయనమ్మ మెళ్ళో గొలుసు తీసి ఇచ్చిన సంగతి సండే స్కూలు పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

వార్షికోత్సవానికి పుస్తకం వెయ్యాలనుకున్నప్పుడు, మా పాస్టరుగారు ఆ పని మైపాడు నుంచి ఈ సంఘానికి కోడలుగా వచ్చిన అమ్మాయికి అప్పగించారు. పొద్దున మార్కెట్లో చేపలమ్ముతుంది. చదివింది పదో తరగతి.

"మీరు తప్పులు దిద్దిపెట్టండి టీచరమ్మా" అన్నారు నాతో.

సరేనండి అన్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఆమె ఫోన్లో రికార్డింగు పెట్టుకుని ముసలివాళ్ళ ఇళ్ళు తిరిగింది. మా ఇంటికీ వచ్చింది. మా అమ్మకి తొంభై దాటాయి. నేను పలకరిస్తే ఊఁ, ఆఁ తప్ప మాట్లాడదు. ఆ అమ్మాయి వస్తే మాత్రం దిండుకి ఆనుకుని లేచి కూచునేది. మధ్యాహ్నం పూట గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినపడేవి. నేను వంటింట్లో చేసే పని ఆపి చెవులు అటే వేసేదాన్ని. కాఫీ తీసుకుని లోపలికి పోతే మాటలు ఆగిపోయేవి. మా అమ్మ చెయ్యి ఆమె చేతిలో ఉండేది. ఒకసారి కావాలనే చక్కెర వెయ్యకుండా ఇచ్చాను. "బాగుందక్కా" అని గటగటా తాగేసింది. దానికీ ఒళ్ళు మండింది నాకు.

రెండు నెలలకి రాసిన కాగితాలు తెచ్చి ఇచ్చింది. నిండా తప్పులుండాలని కోరుకుంటూ ఎర్ర పెన్ను పట్టుకుని కూచున్నాను. ఒత్తులు తప్పాయి గానీ మాట ఎక్కడా తప్పలేదు. చదువుతూ చదువుతూ మా అమ్మ పేజీకి వచ్చాను.

మా అమ్మది బుచ్చిరెడ్డిపాలెం వైపు. వరి పండించే హిందువుల ఇంటి పిల్ల. నాన్నని ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని పెళ్ళి చేసుకుంది. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది ఆ పేజీలోనే చదివాను. "ఇది దేవుడి కోసం రాలా, నా కొడుకు కోసం వచ్చింది" అని మా నాయనమ్మ కోడల్ని చర్చిలో పరిచిన చాపల మీదికి రానివ్వలేదట. ఏడాది పాటు గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూచోబెట్టిందట. ఒక ఆదివారం చేపలు పట్టే ఇంటి ముసలామె తన చాప చుట్టుకుని వచ్చి మా అమ్మ పక్కన పరుచుకుంది. పై వారం ఇంకో ఇద్దరు వచ్చారు. నెల తిరిగేసరికి ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గరే. ముందు వరసలో మా నాయనమ్మ ఒక్కతే మిగిలింది. ఆఖరికి ఆమే లేచి వచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకుపోయిందట.

నాకు నాయనమ్మ మీద కోపం రాలేదు. నా ఇంటి సంగతి నాకంటే ముందు ఇంకొకామెకి తెలిసిందే అని వచ్చింది. ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాను.

మర్నాడు ఆమె చూసి, "ఇందులో ఏం తప్పుందక్కా?" అంది.

"అంతా తప్పే. అట్లా ఏం జరగలా."

ఆ కాగితం మళ్ళీ నా చేతికే ఇచ్చింది. "మీరు తీసెయ్యమంటే తీసేస్తా. పెద్దామెని ఒక్క మాట అడగండి, చాలు" అని వెళ్ళిపోయింది.

అమ్మ మంచం దగ్గరికి పోయాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ నాయనమ్మంటే నీకు ప్రాణం గదా. ఎట్లా చెప్పేది?"

"ఆమెకి చెప్పినావే!"

"అడిగింది, చెప్పినా. ఇన్నేళ్ళలో నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే."

పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాను. తర్వాత ఆ పేజీని తెల్ల కాగితం మీద నా చేత్తో మళ్ళీ రాశాను. ఒత్తులు సరిచేశాను. ఒక్క మాట కూడా మార్చలేదు.

వార్షికోత్సవం నాడు పుస్తకం ఆ అమ్మాయే చదివింది. అమ్మని వీల్‌చైర్లో తీసుకుపోయాం. ఆ పేజీ వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. "టీచరమ్మగారు దిద్దకపోతే నా రాత ఎవరూ చదవలేకపోయేవాళ్ళు" అని ఆమె మైకులో చెప్పింది. చప్పట్లు కొట్టారు. నిజం చెప్తున్నాను, ఆ చప్పట్లు నాకు చాల్లేదు. అంతా ఆమె చుట్టూ మూగితే నేను పక్కకి తిరిగి అమ్మ చీర సర్దుతూ నిలబడ్డాను.

ఇప్పుడు మధ్యాహ్నం పూట అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని నేనే అడుగుతున్నాను. కొన్ని చెప్తుంది. కొన్నిటికి, "అది ఆ పిల్లకి చెప్పినా గదా, పుస్తకంలో చూసుకో" అంటుంది. కుర్చీ చప్పుడయ్యేట్టు వెనక్కి నెట్టి లేస్తాను. అయినా పుస్తకం తెచ్చి, అమ్మకి వినపడేట్టు పైకి చదువుతాను. ఒక్కోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపుతుంది.

"అది అట్లా కాదులే. సరిగ్గా చెప్తా, విను."