బొటనవేలు ఎక్కడ వాలుతుంది?

ఆ రోజు పొయ్యి మీది అన్నం గిన్నె దించబోతే ఎడమ చెయ్యి పట్టు వదిలేసింది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, తీగ పట్టి లాగినట్టు నొప్పి.

మేముండేది రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌లో. మా అమ్మాయి లక్ష్మికి అక్కడ గంటల లెక్కన వీడియో గేములు ఆడించే చిన్న షాపు ఉంది. తను బాగుచేసిన, రెండు చేతుల్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో ఆడి చూడటం నా పని. పనిగా మొదలై సరదాగా మారింది. కరెంటు ఉన్నంతసేపూ తెర మీద గుర్రమెక్కి కొండలు తిరిగేదాన్ని.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రాసేది కుడి చేత్తో. నొప్పి ఎడమ చేతికే కదా అని పట్టించుకోలేదు. వాపు వచ్చాక లక్ష్మి ఊరుకోలేదు, హాస్పిటల్‌కు తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ నన్ను బొటనవేలిని గుప్పిట్లో మూసి, చేతిని చిటికెనవేలి వైపు వంచమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఇది డీ కర్వేన్స్ టెనోసైనోవైటిస్ అని, బొటనవేలిని కదిపే టెండన్లనే తాళ్ళ తొడుగు వాచిందని చెప్పింది. వేలు కదలకుండా పట్టీలాంటి స్ప్లింట్ కట్టి, ఆట మానమంది. నా పనేమిటో విని నవ్వలేదు.

"ఈసారి ఆ కంట్రోలర్ కూడా తీసుకురండి ఆంటీ" అంది.

ఆడకూడదు గాని, చూడకూడదని ఎవరూ అనలేదు. షాపులో కంట్రోలర్లు రెండు రకాలున్నాయి. ఒకదానికి బొటనవేళ్ళతో తిప్పే స్టిక్కులు రెండూ కిందే ఉంటాయి. రెండోదానికి ఎడమ స్టిక్ పైన, కుడిది కింద. స్నానానికి స్ప్లింట్ విప్పినప్పుడు, ఇక్కడివాళ్ళు బుగ్గలకు రాసుకునే తనకా చెక్క గంధం బొటనవేళ్ళకు పూసుకుని, అవెక్కడ పడతాయో చూద్దామని, కళ్ళు మూసుకుని ఒక్కోదాన్ని ఊరికే పట్టుకున్నాను.

లక్ష్మి చూసింది. "సంతకం వచ్చీసింది కదే అమ్మా, మళ్ళీ యేలిముద్రలేటి?"

మొదటిదాని మీద ఎడమ ముద్ర స్టిక్కుకు పైనున్న బాణాల బటన్లపై పడింది. అంటే ఆ స్టిక్ అందాలంటే నా పొట్టి వేలు ప్రతిసారీ లోపలికి, కిందికి వంగాలి. రెండోదాని మీద ముద్ర సరిగ్గా స్టిక్ నెత్తిన ఉంది. నొప్పికి కారణం దొరికిందనుకున్నాను.

ఎడమ చెయ్యి నయమయ్యాక రెండో రకంతో ఆడాను. నొప్పి లేదన్న సంబరంలో గుర్రం దిగలేదు. కొన్నాళ్ళకు పెన్ను పట్టుకోబోతే కుడి బొటనవేలు పట్టేసింది. 'అ' రాయలేకపోయాను. అప్పుడు భయమేసింది. ఇంత ఆలస్యంగా వచ్చిన చదువు చేతిలోంచి జారిపోతుందేమోనని పెన్ను దిండు కింద దాచేశాను.

మళ్ళీ హాస్పిటల్‌కు వెళ్తే, డాక్టరమ్మ నేను తెచ్చిన కంట్రోలర్లు రెండూ ముందు పెట్టుకుంది. తెర మీద చూపు తిప్పే కుడి స్టిక్ రెండింటిలోనూ కిందే ఉంది. కుడి ముద్ర కూడా స్టిక్ మీద కాక బటన్ల మీదే పడిందని అప్పుడు గుర్తొచ్చింది. నేను నొప్పి ఉన్న వైపే చూశాను. ఊరికే పట్టుకోమని ఒకటి నా చేతికిచ్చి, తెల్లబడిన నా గోళ్ళు చూపించింది.

"స్టిక్ ఒక్కటే కారణం కాదు ఆంటీ. ఎంత గట్టిగా పట్టుకుంటారు, ఎంతసేపు పట్టుకుంటారు, అదీ ఉంది."

మళ్ళీ స్ప్లింట్, తర్వాత ఫిజియోథెరపీ. తగ్గకపోతే ఇంజెక్షన్ అంది గాని, అంతదాకా రాలేదు.

ఇప్పుడు కంట్రోలర్ బరువు ఒళ్ళో దిండు మీద ఉంటుంది. కరెంటు ఉన్నా మధ్యమధ్య ఆపుతాను. ఇదంతా లావుపాటి పెన్నుతో, ఆగి ఆగి, నా చేత్తోనే రాశాను. కంట్రోలర్ కొనేముందు కళ్ళు మూసుకుని పట్టుకుని, రెండు బొటనవేళ్ళూ ఎక్కడ వాలుతున్నాయో చూసుకోండి. నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా వెళ్ళండి. వెళ్ళినప్పుడు నొప్పి లేని చెయ్యి కూడా చూపించండి.