పానాకు ఏడు తరాలు

మా బాలిక్చీ పట్టణంలో లారీలు మరమ్మతు చేసే ఎసెంగుల్ ఉస్తాదు మనుషులను ఇట్టే నమ్మేవాడు. పానాలను మాత్రం అంత సులువుగా నమ్మేవాడు కాడు. కొత్త పానా చేతికి రాగానే ముందు అరచేతిలో దాని బరువు చూసేవాడు. తరువాత దారానికి వేలాడదీసి, మేకుతో మీటి, ఆ మోత సన్నగిల్లేదాకా చెవి ఒగ్గి వినేవాడు. చివరకు నాలుక కొసతో తాకి కళ్ళు మూసుకొనేవాడు. ఆ ఘట్టంలో గరాజులో ఎవరూ దగ్గకూడదు. కళ్ళు తెరిచాక ఆ పానానే అడిగేవాడు: “నీ తండ్రి ఎవరురా?”

మాలో ఏడు తరాల తండ్రుల పేర్లు వరసగా చెప్పలేనివాడికి పిల్లనివ్వడానికి వెనకాడతారు. ఎసెంగుల్ ఆ మర్యాదను ఇనుముకు కూడా వర్తింపజేశాడు. ఏ దేశం, ఏ ఊరి కర్మాగారం, ఏ కాలపు ఉక్కు అన్నది తేలనిదే ఏ పానాకూ ఆయన గోడ మీద స్థానం దొరికేది కాదు. గుమ్మానికి ఎదురుగా, ఇళ్ళలో పెద్దలను కూర్చోబెట్టే వైపున, గోడకు వేలాడదీసిన ఉన్ని తివాచీ మీద జర్మనీ పానాలు కొలువుతీరి ఉండేవి. వాటి పక్కన నాణ్యతా ముద్ర ఉన్న సోవియట్ పానాలు, మాజీ మంత్రుల వలె కొంత నల్లబడి, అయినా హోదా వదులుకోక నిలిచేవి. హిందూస్తాన్ నుంచి వచ్చినవి రెండో వరుసలో ఉండేవి; వాటి పట్ల ఆయనకు కోపమూ లేదు, ప్రేమా లేదు. చైనా సరుకంతా గుమ్మం దగ్గర, బూట్లు విడిచే చోట, ఒక రేకు డబ్బాలో పడి ఉండేది.

జర్మనీ పానాలు పనిచేయగా చూసినవారు మా ఊళ్ళో లేరు. ప్రతి శుక్రవారం వాటికి గొర్రెతోక కొవ్వు రాసి తుడిచేవాడు. రోజూ చెమటోడ్చినవి సోవియట్ పానాలు. బోల్టు మరీ మొండికేసినప్పుడు మాత్రం, నా పాత జిగులీ కారు బాగుచేస్తుండగా నేనే చూశాను, ఆయన కాలి బొటనవేలితో రేకు డబ్బాను మెల్లగా దగ్గరకు లాక్కొని, గోడకు వీపు తిప్పి, జర్మనీ వారి కంటపడకుండా పని కానిచ్చేవాడు.

ఇటువంటి ఇంట్లో నజ్‌గుల్ అనే కూతురు పుట్టింది. బస్సు స్టాండులో బండ్ల రాకపోకలు చూసే ఉద్యోగం ఆమెది. దొలోన్ కనుమ దగ్గర ఒకసారి తాను ఎక్కిన బండి ఆగిపోతే, దానిని బాగుచేసి పంపిన బాయిష్ అనే కొచ్కోర్ ఊరి కుర్రవాడి మీద ఆమె మనసుపడింది. అతడు ఆ కనుమ కింద రోడ్డు పక్కనే లారీలు బాగుచేస్తాడు. తెగ, వంశం, ఏడు తరాలు అన్నీ సరిపోయాయి. వరుడి తల్లి వచ్చి అమ్మాయికి చెవిపోగులు పెట్టి సంబంధం ఖాయం చేసే రోజు కూడా కుదిరింది. అంతలో ఎవరో ఉస్తాదు చెవిన వేశారు: అబ్బాయి పెట్టె నిండా చైనా పానాలే.

“ముందు ఆ పెట్టె నా ముందు తెరవాలి. ఆ తరువాతే విందు గొర్రె మీద కత్తి పడుతుంది,” అని ఎసెంగుల్ కబురంపాడు.

“నాన్నా, నేను చేసుకుంటున్నది పానాను కాదు,” అంది నజ్‌గుల్.

“నువ్వు మనిషిని చూసుకున్నావు కదమ్మా, నా వంతు నన్ను చూసుకోనీ.”

“పెట్టె నచ్చకపోతే?”

“వచ్చినవారికి టీ ఇచ్చి పంపుతాం. మర్యాద తెలియనివాళ్ళమా మనం?”

అమ్మాయి ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఏడవలేదు. తండ్రి అన్న మాట వెనక్కి తీసుకోగా తాను ఎన్నడూ చూడలేదని మాత్రం చెప్పింది. బడిలో ఆమెకు పాఠం చెప్పినదాన్ని గనుక చెవిపోగుల రోజున నన్ను కూడా పెద్దవరసలో కూర్చోబెట్టారు.

కొచ్కోర్ నుంచి బాయిష్, అతని తల్లి జానిల్ వచ్చారు. చెవిపోగులు ఆవిడ గుప్పిట్లో ఉన్నాయి. పెరట్లో గొర్రె తన భవిష్యత్తు తేలక అరుస్తూనే ఉంది. నజ్‌గుల్ టీ పోస్తోంది. బాయిష్ పెట్టె తెచ్చి తివాచీ మీద తెరిచాడు. కబురు విన్నాక అప్పు తెచ్చుకొన్న జర్మనీ పానా ఒక్కటైనా ఉంటుందని నేను ఆశించాను. లేదు.

ఎసెంగుల్ పంతొమ్మిదో నంబరు పానాను రెండు వేళ్ళతో పైకెత్తాడు. దారం తీయలేదు, నాలుకను కూడా కష్టపెట్టలేదు.

“దీని తండ్రి ఎవరు నాయనా?”

“వాడూ పంతొమ్మిదో నంబరే మామయ్యా,” అన్నాడు బాయిష్. “కిందటి శీతాకాలపు చలిలో దొలోన్ మీద విరిగాడు. బడికి బొగ్గు మోసే లారీని బాగుచేస్తుండగా.”

“నేను అడిగింది కర్మాగారం.”

“కర్మాగారం నాకు తెలియదు. వంశం తెలుసు. దీని తాతను ఒక చైనా డ్రైవరు పట్టుకుపోయాడు. అంటే పుట్టింటికే చేరాడు. ముత్తాత సుత్తిదెబ్బ తిని లోయలో పడ్డాడు. ఆ పైవాణ్ణి మా బాబాయి అడిగి తీసుకున్నాడు. బతికే ఉన్నాడు గాని తిరిగి రాడు. అయిదోవాడు నట్టుతో పాటు తానూ అరిగిపోయాడు. ఆరోవాణ్ణి కుక్క మీదికి విసిరాను, నదిలో పడ్డాడు. ఆ తప్పు నాది. ఏడోవాడు మూలపురుషుడు. పశువుల సంతలో పలుపుతాడు కొంటే దాంతోపాటు వచ్చాడు.”

ఎవరూ నవ్వలేదు. అందరూ ఉస్తాదు ముఖం చూస్తున్నారు.

“అందరూ అల్పాయుష్కులే,” అన్నాడాయన.

“అవును. కాని ఏ బండినీ రోడ్డు మీద వదిలి పోలేదు మామయ్యా.”

జానిల్ టీ గిన్నె కింద పెట్టింది. “అన్నయ్య గారూ, మా వాళ్ళ చావుల లెక్క విన్నారు కదా. మరి మీ గోడ మీది జర్మనీ పెద్దమనుషుల సంగతి కూడా చెప్పండి. వంశం గొప్పదే. ఒక్కడైనా పనికి వెళ్ళాడా?”

“వాటిని పనికి పెట్టేది ఎవరమ్మా,” అంటూ ఎసెంగుల్ భార్య టీ కెటిల్ మూత సర్దింది. “వారానికోసారి ఒళ్ళు రుద్దించుకోవడానికే తీరిక లేదు వాటికి.”

ఉస్తాదు భార్య వైపు చూడలేదు. పానాను కిటికీ వెలుగులోకి తిప్పి, దాని దవడల లోపల పడిన గీతలను బొటనవేలితో తడిమాడు. గీతలు అబద్ధం చెప్పవని ఆయనకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఇనుము మీది గీతలు చదవడమే ఆయన పని.

“ఆ బొగ్గు లారీ,” అన్నాడు చివరకు, “పానా విరిగాక ఎలా కదిలింది?”

“అప్పటికే నట్టు సగం తిరిగింది. మిగతాది చేతివేళ్ళతో తిప్పాను.”

“ఆ చలిలోనా? ఏదీ, చేతులు చూపించు.”

బాయిష్ చూపించాడు. కుడి చూపుడువేలి కొసన చర్మం ఇంకా తెల్లగా, మొద్దుబారి ఉంది. ఎసెంగుల్ ఆ వేలిని కూడా పానాను పట్టుకొన్నట్టే రెండు వేళ్ళతో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బడికి బొగ్గు అందిందా?”

“అందింది మామయ్యా.”

ఉస్తాదు పానాను పెట్టెలో దాని గుంటలోనే పెట్టాడు. రెండు అరచేతులూ పైకెత్తి దీవించి, పెరటివైపు తిరిగి, గొర్రెను కొయ్యమన్నాడు. జానిల్ అంత సేపూ బిగించిన గుప్పిట విప్పేసరికి చెవిపోగుల ముద్రలు ఆవిడ అరచేతిలో పడి ఉన్నాయి. నజ్‌గుల్ తల వంచింది. పోగులు పెట్టించుకొన్న తరువాత కూడా ఆ పిల్ల తల ఎత్తడానికి కొంత సమయం తీసుకుంది.

మాంసం వడ్డించే వేళ, అల్లుడికి తప్ప మరొకరికి పెట్టని రొమ్ముముక్కను ఎసెంగుల్ తన చేత్తోనే బాయిష్ ముందు ఉంచాడు. బాయిష్ పళ్ళెంలోని కత్తి తీసుకొన్నాడు. ఉస్తాదు కనుబొమలు ముడిపడ్డాయి.

“ఆ కత్తి ఎక్కడిది? ఉక్కు తేలికగా కనిపిస్తోంది.”

“మీ ఇంటిదే మామయ్యా,” అన్నాడు బాయిష్. “అత్తవారి కత్తి. దాని పుట్టుపూర్వోత్తరాలు నేను అడగకూడదు.”

ఎసెంగుల్ రొట్టె అతని వైపు జరిపాడు.