ఆరూ నలభైకి విన్నది

ఆ రోజు ఉదయం ఆరూ నలభైకి పక్క పోర్షన్‌లో కుక్కర్ కూత వేసింది. ఆ సమయాన్ని ఏడేళ్లుగా నాలోనే దాచుకున్నాను. మీకే మొదటిసారి చెబుతున్నాను.

ఇస్నాపూర్‌లో మాస్టారి గదిలో నా ఫ్యాక్టరీ షిఫ్టుకు ముందు క్లారినెట్ నేర్చుకునేవాణ్ణి. ఆయన కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన ఒంటరి మనిషి. రిటైరయ్యాక పెళ్లి బ్యాండులో ముందు నిలబడి ఊదేవారు, వెనక వరసలో నేను. "గాలి ఆపకు. 'తు' అన్నట్టు నాలుక కొన రీడును తాకి తప్పుకోవాలి. తాకినప్పుడు కాదురా, వదిలినప్పుడు పుడుతుంది స్వరం" అనేవారు. రీడు అంటే క్లారినెట్ మూతి దగ్గర ఉండే పలుచని రెల్లు బద్ద. నోట్లో నాలుక బయటికి కనబడదు కదా. అందుకే ఒకరు గోడవైపు తిరిగి ఊదాలి, ఇంకొకరు కళ్లు మూసుకుని విని చెప్పాలి. అదీ ఆయన పద్ధతి.

ఆ రోజు కుక్కర్ కూత వేసిన వేళకు ఆయనే గోడవైపు తిరిగి ఊదుతున్నారు. స్వరాల మొదట్లో 'తు' లేదు. ఒకదానిలోకి ఒకటి జారిపోతున్నాయి.

"నాలుక మొద్దుబారినట్టుందిరా. తగులుతోందా?"

"మంచిగనే తాకుతుంది సార్."

"సరిగ్గా విన్నావా? నీవి చెవులా, చేటలా?"

"విన్న సార్. జల్దీ తయారుగాండ్రి, రుద్రారం బస్సు పోతది."

ఆయన రాకపోతే ఆ రోజు రుద్రారంలో పెళ్లి ఊరేగింపుకు బ్యాండు ముందు నిలబడాల్సింది నేను. జనం ముందు తప్పు ఊదుతానేమోనని భయం. పగ లేదు, ఆశ లేదు. అంత చిన్న భయానికి ఒక మనిషిని అడ్డం పెట్టుకుంటారా ఎవరైనా?

పదకొండున్నరకు ఊరేగింపులో ఆయన చేతిలోంచి క్లారినెట్ జారింది. మూతి ఒక పక్కకు పోయింది. పక్షవాతం అన్నారు ఆసుపత్రిలో. మొదటి తేడా ఎప్పుడు కనిపించిందో కచ్చితంగా చెప్పమని, ఇచ్చే మందు దాన్నిబట్టే ఉంటుందని డాక్టరమ్మ అడిగింది.

"గిప్పుడే మేడం. పదకొండున్నరకు."

పొద్దుటి సంగతి చెబితే, తెలిసీ ఊరేగింపుకు ఎందుకు తీసుకుపోయావని అడుగుతుందని భయపడ్డాను. మళ్లీ భయమే. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి మెదడులో రక్తం కారింది. మర్నాడు పోయారు.

నిజం చెప్పి ఉంటే, అప్పటికే ఆలస్యమైందని ఆ మందు ఇచ్చేవారు కాదేమో. ఇవ్వకపోయినా పోయేవారేమో. నా రెండు అబద్ధాల్లో ఏది ఆయన్ని చంపిందో ఇన్నేళ్లలో ఏ డాక్టర్నీ అడగలేదు, ఎందుకంటే జవాబు వచ్చాక దానితో బతకాల్సింది నేనే. రోజూ పళ్లు తోముకున్నాక 'తు, తు' అని చూసుకుంటాను. నా నాలుక తడబడిన రోజు నాకు నిజం చెప్పేదెవరు?

క్షమించమని అడగడం లేదు. చెప్పాను, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.

మాస్టారి గదిని వేరేవాళ్లు కిరాయికి తీసుకున్నారు. అక్కడ పొద్దున్నే ఎవరూ గోడవైపు తిరిగి ఊదడం లేదు.